అరుగు, గద్దె, కుర్చీ: శైలుల చరిత్ర చెప్పని సంగతి

ఫర్నిచర్ చరిత్ర రాసినవాళ్లు కాలాన్ని రాజుల పేర్లతో కొలిచారు. ఫ్రాన్సులో పద్నాలుగో లూయీ శైలి, పదిహేనో లూయీ శైలి, పదహారో లూయీ శైలి. ఇంగ్లండులో క్వీన్ ఆన్, జార్జియన్, రీజెన్సీ, విక్టోరియన్. ఆర్కిటెక్చర్ కాలేజీల్లో చేరిన మన పిల్లలు బట్టీ పట్టేది కూడా ఈ వరసే. కుర్చీ కాలు వంపు తిరిగితే ఒక రాజు, నిటారుగా సన్నబడితే ఇంకో రాజు. ఆ రాజులెవరూ ఉలి పట్టలేదు, రంపం లాగలేదు, చిత్రిక పట్టలేదు. అయినా కుర్చీకి పేరు వాళ్లదే. ఇది చదువుతుంటే మనలాంటి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకి రెండు ప్రశ్నలు పుడతాయి. ఈ కుర్చీ చేసిందెవరు? దీంట్లో ఎవర్ని కూర్చోనివ్వలేదు? మొదటి ప్రశ్నని శ్రమ గురించి రాసే చరిత్రకారులు అప్పుడప్పుడన్నా అడిగారు. రెండోది శైలుల పుస్తకాల్లోకి రాలేదు. కులం ఉన్న దేశంలో కూర్చోవడం అనేది ఒంటికి సంబంధించిన అలవాటు మాత్రమే అనుకునే వీలు లేదు గనక, రెండో ప్రశ్న లేకుండా ఇక్కడి ఫర్నిచర్ చరిత్ర రాయడం కుదరదని నా వాదన.

రాజుల వరసకి మినహాయింపుగా ఒక పేరు చెబుతారు. థామస్ చిప్పెండేల్. 1718లో ఇంగ్లండులోని ఒట్లీలో వడ్రంగి పని చేసే ఇంట్లో పుట్టాడు. లండన్ సెయింట్ మార్టిన్స్ లేన్‌లో పనిశాల పెట్టి, 1754లో తన నమూనాలన్నీ పుస్తకంగా అచ్చు వేశాడు. దాంతో ఒక పనివాడి పేరే శైలికి పేరయింది. మంచిదే, సంతోషిద్దాం. కానీ ఆ కుర్చీలకి వాడిన మహాగని కర్ర సంగతేంటి? 1721లో బ్రిటిష్ పార్లమెంటు తన వలసల నుంచి వచ్చే కలప మీద సుంకం ఎత్తేసింది. జమైకా మహాగని ఇంగ్లండుకి వెల్లువలా వచ్చింది. ఆ చెట్లని వెతికి, నరికి, దుంగల్ని అడవిలోంచి ఈడ్చింది ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు. కేటలాగుల్లో మహాగని రంగు గురించి, నునుపు గురించి పేరాలకి పేరాలుంటాయి. పనిశాల తలుపు దగ్గర మొదలయ్యే చరిత్రలో అడవి ఉండదు. పనివాడి పేరు పెట్టినా కింది వరస కనపడదని చెప్పడానికే ఈ ఉదాహరణ.

ఈ కథలో తెలుగు నేలకి సూటిగా వాటా ఉంది. 18వ శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీ ఫ్యాక్టరీ ఉన్న విశాఖపట్నంలో దంతపు పొదుగుడు పని చేసిన సామాను తయారయ్యేది. నల్లచేవ, ఇరుగుడు లాంటి గట్టి కర్రలో ఏనుగు దంతపు ముక్కల్ని తీగలుగా, పూలుగా పొదిగి, దంతం మీద సన్నటి గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. తర్వాతి దశాబ్దాల్లో కర్ర కనపడకుండా పైనంతా దంతపు రేకులే అతికించారు. రూపాలు మాత్రం ఇంగ్లీషువి: సొరుగుల బీరువాలు, రాతబల్లలు, చేతుల కుర్చీలు. దంతం మీద చెక్కిన బొమ్మల్లో కూడా చాలాచోట్ల ఇంగ్లీషు మేడలే. 1756లో ఈ ఊరు చూసిన ఇంగ్లీషు సైనికాధికారి జాన్ కార్నీల్ ఇక్కడి పొదుగుడు పనిని మెచ్చుకుంటూ రాశాడు. మద్రాసు గవర్నరుగా చేసిపోయిన అలెగ్జాండర్ వించ్ ఇంటి సామాను 1781లో ఇంగ్లండులో వేలానికొస్తే, దంతపు కుర్చీల్ని మూడో జార్జి తన రాణి షార్లెట్ కోసం కొన్నాడు. అవి ఇవాళ్టికీ అక్కడి రాజకుటుంబపు సేకరణలో ఉన్నాయి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఈ రకం సామాను చాలానే ఉంది. ఆ మ్యూజియం సేకరణ ఆధారంగా 2001లో అమిన్ జాఫర్ తెచ్చిన పెద్ద పుస్తకం ఈ విషయంలో ఇప్పటికీ చూడక తప్పనిది.

ఇంతకీ లేబుళ్ల మీద ఏముంటుంది? ఊరి పేరు ఉంటుంది, కొన్నవాడి పేరు ఉంటుంది. చేసినవాడి పేరు ఉండదు. మహా అయితే కంసాలులు అని కులం పేరు ఒకటి దొరుకుతుంది. మనిషి పేరు పోయి కులం పేరు మిగలడం మనకి కొత్త కాదు. కంసాలి అంటరానివాడేమీ కాదు, జంధ్యం వేసుకుని బ్రాహ్మణులతో సమానమని వాదించుకున్న కులం అది. ఆ కులానికే మనిషి పేరు దక్కలేదంటే, దుంగ మోసినవాడి సంగతి అడగాల్సిన పన్లేదు.

పండితులు ఈ సామానుని రెండు సంస్కృతుల మేలు కలయిక అంటారు. ఈ మాట నాకు మింగుడు పడదు. కలయికలో ఇద్దరూ కూర్చోవాలి గదా. మన పనివాళ్లు నేలమీద కూర్చుని, కాలివేళ్లతో కర్రని బిగించి పట్టుకుని పనిచేయడం చూసి తెల్లవాళ్లు ఆశ్చర్యంతో రాసుకున్నారు. నేలమీద కూర్చున్న మనిషి, తన ఇంట్లో ఎప్పటికీ వాడని వస్తువుని, తనని ఎదుట కూర్చోనివ్వని మనిషి కోసం, ఆ మనిషి ఇచ్చిన నమూనా చూసి చేశాడు. నైపుణ్యం అతనిది. దాన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు, ఆ దంతపు గీతలు చూస్తే ఎవరికైనా చెయ్యెత్తి మొక్కాలనిపిస్తుంది. కానీ దానికి కలయిక అని పేరు పెడితే ఎవరు ఎక్కడ కూర్చున్నారన్న సంగతి మాయమైపోతుంది.

ఇంగ్లీషువాడు రాకముందు ఇక్కడ ఆసనానికి చరిత్ర లేదా అంటే, ఉంది. అది శాసనంగా ఉంది. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో 281వ శ్లోకం ఈ విషయం గురించే. పై కులంవాడితో పాటు ఒకే ఆసనం మీద కూర్చోబోయిన కింది కులంవాడికి నడుం మీద వాత పెట్టి వెళ్లగొట్టాలి, లేదంటే పిరుదు కోయించాలి. 1927 డిసెంబరు 25న మహద్‌లో అంబేద్కర్, ఆయన అనుచరులు తగలబెట్టిన పుస్తకంలో ఈ శ్లోకం కూడా కాలింది. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడి బృహత్సంహిత ఇంటి సంగతి చెబుతుంది. బ్రాహ్మణుడి ఇంటి వెడల్పు 32 మూరలు, అక్కణ్నించి వర్ణానికి నాలుగేసి మూరలు తగ్గించుకుంటూ పోవాలి, మరీ అట్టడుగువాళ్లకి ఇంకా చిన్నది. మట్టి రంగు కూడా వర్ణానికొకటి: తెలుపు, ఎరుపు, పసుపు, నలుపు. నల్లరేగడి శూద్రుడికి రాసిచ్చారే అని సంబరపడకండి, అది ఇంటిస్థలం లెక్క, పొలం లెక్క కాదు. ఇవాళ అపార్టుమెంటు అమ్మేవాళ్లు వాస్తుని గాలీ వెలుతురూ గురించిన సైన్సు అని చెబుతుంటారు. గాలికి కులమెందుకు పట్టింపయిందో వాళ్లు చెప్పరు.

మన భాషలోనే ఇదంతా ఇంకిపోయి ఉంది. ప్రాధాన్యం ఇవ్వడాన్ని పెద్దపీట వెయ్యడం అంటాం. అధికారానికి రావడం గద్దెనెక్కడం. మఠాధిపతిది పీఠం. ఎదుటివాడి పొగరు చెప్పాలంటే కాలుమీద కాలేసుకుని కూర్చున్నాడంటాం. కుర్చీ మాట అరబ్బీ నుంచి వచ్చినా, కుర్చీ కోసం కొట్లాట అన్నప్పుడు అది కర్ర వస్తువని ఎవరూ అనుకోరు. అమరావతి స్తూపం మీది శిల్పాల్లో బుద్ధుడికి బదులు ఖాళీ ఆసనం, దాని కింద పాదముద్రలు చెక్కిన ఫలకాలున్నాయి. దాని అర్థం మీద కళాచరిత్రకారులు ఇంకా తగువు పడుతున్నారు. ఆ తగువులోకి నేను పోను. తెలుగు నేల మీద రాతిలో దొరికే పాత ఆసనాల్లో అందరూ చుట్టూ చేరి మొక్కేది ఎవరూ కూర్చోని ఆసనానికి అన్నది మాత్రం గుర్తుపెట్టుకోదగ్గ విషయం.

ఇక మండువా లోగిలి దగ్గరికొద్దాం. ఈమధ్య దీనిమీద ప్రేమ ఎక్కువైంది. ఆదివారం అనుబంధాలు, సినిమాలు, గోదావరి ఒడ్డు రిసార్టులు, అన్నీ లోగిలి మీద మమకారం పోస్తున్నాయి. నడిమధ్య ఆకాశం కనపడే మండువా, లోపలికి వాలిన పెంకుల కప్పు, బర్మా టేకు స్తంభాలు, ఉయ్యాలబల్ల, భోషాణం, వీధివైపు చల్లటి అరుగు. అందంగానే ఉంటుంది, ఒప్పుకుంటాను. వాన నీళ్లు మండువాలో పడే తీరు, ఎండని మలుపుకున్న తీరు తెలివైన పనే. వారసత్వ కట్టడాల మీద వచ్చే పుస్తకాల్లో దీని ప్లాన్లు గీస్తారు. స్తంభం కొలత ఉంటుంది, ద్వారబంధం మీద చెక్కడం ఉంటుంది. మనిషి నడిచిన దారి ఉండదు. ఆ ఇంటికి మాల పాలేరు ఎటునుంచి వచ్చేవాడు? దొడ్డిదారిన, పశువుల చావిడి దాకా. మాదిగ మనిషి చెప్పులు కుట్టి తెచ్చిస్తే ఎక్కడ పెట్టాలి? వీధిలో, అరుగుకి ఇవతల. అరుగు అతిథి మర్యాదకి గుర్తు అని రాస్తారు. బాటసారి ఎవరైనా కూర్చోవచ్చునట. ఎవరైనా అన్న మాటలో మనం లేం. అరుగు ఎత్తు ఎంతో రాసిన పండితుడు, ఆ ఎత్తు మీద కూర్చున్నవాడి పాదాలు కింద నిలబడ్డవాడి ఛాతీకి ఎదురుగా వస్తాయని రాయలేదు. అదీ డిజైనే గదా.

రచ్చబండదీ అదే కథ. చెట్టుకింద రాతిబండ, దాని మీద పెద్దమనుషులు. తీర్పు మాలమాదిగల మీదయినా వాళ్లు బండ ఎక్కడానికి లేదు, దూరంగా నేలమీద. ఉమ్మడి రాష్ట్రంలో ప్రభుత్వం ప్రజల దగ్గరికి వెళ్లే కార్యక్రమానికి రచ్చబండ అనే పేరు పెట్టుకున్నప్పుడు ఆ పేరుతో ఎవరికీ ఇబ్బంది అనిపించలేదు. తెలంగాణలోనైతే దొరల గడీలు. కోటగోడల్లాంటి ప్రహరీ, బురుజులు, నగిషీ తలుపులు. వాటికి మట్టి మోసిందీ, రాయి మోసిందీ వెట్టి. విసునూరు దేశ్‌ముఖు గడీ పేరు సాయుధ పోరాట చరిత్రలో ఉంది. ఇప్పుడు కొందరు గడీలకి కూడా వారసత్వ కట్టడాల హోదా కావాలంటున్నారు. ఇవ్వండి, కాదనం. వెట్టి అన్న మాట బోర్డు మీద రాసి మరీ ఇవ్వండి.

గడీ ముందు కుర్చీ లేనివాడికి ఉన్న ఏకైక ఆసనం మంచం. నులక మంచం. జనుము నారతో నులక పేనడం మా నాయినకి బాగా వచ్చు, ఆయన అల్లిన మంచం పదేళ్లయినా కుంగేది కాదు. పొద్దుగూకి వాకిట్ల మంచమేసుకుని కూర్చున్నప్పుడు దొర బండి చప్పుడు వింటే లేచి నిలబడాలి, కొందరైతే మంచాన్నే గోడకి నిలబెట్టేవాళ్లట. ఇది మా నాయిన చూసింది కాదు, తాత నుంచి విన్నది. అల్లినవాడు కూర్చోవడానికి లేని మంచాన్ని ఏ శైలి కింద రాయాలో చెప్పేవాళ్లెవరన్నా ఉంటే చెప్పాలి. మా ఇంట్లోకి కుర్చీ వచ్చింది నేను ఏడో తరగతిలో ఉండగా. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ. ఒకే అచ్చులో ఒకే ముక్కగా పోసే ఈ కుర్చీ అంటే డిజైన్ పండితులకి చిన్నచూపు. దీనికి ఊరు లేదు, కాలం లేదు, శైలి లేదు అంటారు. నిజమే. ఊరు లేకపోవడం వల్లే అది మా వాడలోకి రాగలిగింది. ఏ కులం పనివాడినీ బతిమాలకుండా, సంతలో డబ్బిచ్చి కొనుక్కోగల మొదటి ఆసనం అది. మా వాడల్లో పెళ్లిళ్ల రూపు మార్చింది అదే.

కుర్చీ కొనుక్కున్నంత మాత్రాన కూర్చోవడం దక్కుతుందా? 2019 ఏప్రిల్‌లో ఉత్తరాఖండ్‌లోని టెహ్రీ జిల్లాలో ఒక పెళ్లిలో పై కులాలవాళ్ల ఎదుట కుర్చీలో కూర్చుని అన్నం తిన్నాడని దళిత యువకుణ్ని కొట్టారు, తొమ్మిది రోజులకి చనిపోయాడు. 2020లో తమిళనాడులోని కడలూరు జిల్లాలో ఎన్నికైన దళిత మహిళా పంచాయతీ అధ్యక్షురాలిని సమావేశంలో నేలమీద కూర్చోబెట్టిన ఫోటో బయటికొచ్చింది. మిగతావాళ్లంతా ప్లాస్టిక్ కుర్చీల్లో ఉన్నారు.

కాబట్టి ఆధునికత వస్తే ఇదంతా పోతుందన్న మాటని కొంచెం ఆగి చూడాలి. స్వతంత్ర భారతం ఆధునికతకి కట్టుకున్న గుడి చండీగఢ్. 1951 నుంచి ల కార్బూజియె, ఆయన పినతండ్రి వరస తమ్ముడు పియెర్ జన్నెరే, ఇంగ్లండు నుంచి వచ్చిన మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ కలిసి పనిచేశారు. ఉన్న పల్లెల్ని లేపి ఊరు కట్టారు. ప్రభుత్వోద్యోగుల ఇళ్లని 13 రకాలుగా విడగొట్టారు. ఒకటో రకం ముఖ్యమంత్రికి, చిట్టచివరిది బంట్రోతులకి. వర్ణానికి నాలుగు మూరలు తగ్గించిన బృహత్సంహిత గుర్తొస్తే అది నా తప్పు కాదు. అయితే ఒక మాట న్యాయంగా చెప్పాలి. అట్టడుగు రకం ఇంట్లో కూడా రెండు గదులు, వంటిల్లు, నీళ్లు, మరుగుదొడ్డి ఉన్నాయి. మన ఊళ్లలో ప్రభుత్వాలు వాడలకి కట్టించిన ఒంటిగది కాలనీ ఇళ్లతో పోలిస్తే అది చిన్న విషయమేం కాదు. ఇక్కడి ఆఫీసుల కోసం చేయించిన టేకు, పేము కుర్చీలు పాతబడ్డాక గుట్టలుగా పడేసి తుక్కు కింద వేలం వేశారు. అవే కుర్చీలు యూరప్, అమెరికా వేలాల్లో లక్షలకి పోతున్నాయని తెలిసి, 2011లో కేంద్ర హోంశాఖ అమ్మకాన్ని ఆపింది. వేలం కేటలాగుల్లో వాటి పేరు జన్నెరే కుర్చీలు. వాటిని కోసి, బిగించి, పేము అల్లినవాళ్ల పేర్లు మళ్లీ లేవు. విశాఖపట్నం నుంచి చండీగఢ్ దాకా రెండు వందల ఏళ్లలో లేబుల్ రాసే పద్ధతి మారలేదన్న మాట.

ఆర్ట్ డెకో గురించి ఎక్కువ చెప్పను. బొంబాయిలో 1933 నాటి రీగల్, 1938 నాటి ఈరోస్ సినిమాహాళ్లు ఆ శైలికి పేరుపడ్డవి. 2018లో యునెస్కో బొంబాయి ఆర్ట్ డెకో కట్టడాలని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నాకు ముఖ్యమైంది హాలు ముఖద్వారం కాదు, లోపలి సీట్లు. మన ఊళ్ల టాకీసుల్లో నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అని వరసలుండేవి. ఆసనం పేరే టిక్కెట్టు పేరు. డబ్బులుంటే ఎవడైనా కుర్చీ టిక్కెట్టు కొనొచ్చు. మనుస్మృతి ఒప్పుకోని సంగతి ఇది. చీకట్లో పక్కన కూర్చున్నవాడిది ఏ కులమో తెలియదు. రచ్చబండనీ అరుగునీ దాటి కొత్త రకం ఆసనం మన పల్లెల్లోకి వచ్చింది సినిమాహాలుతోనే.

దాని ధర 1991లో తెలిసింది. అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఆ జూలైలో సినిమాహాల్లో చదువుకున్న దళిత యువకుడి కాలు ముందు సీట్లో ఉన్న రెడ్డి కుర్రాడికి తగిలింది. అక్కడ మొదలైన గొడవ సాంఘిక బహిష్కారం దాకా పోయింది. ఆగస్టు 6న పట్టపగలు, ఊళ్లో పోలీసులుండగా, పొలాల్లో వెంటాడి ఎనిమిది మంది దళితుల్ని నరికారు. నేరం జరిగిన ఊళ్లోనే విచారణ జరగాలని బాధితులు పట్టుబట్టి ప్రత్యేక కోర్టుని చుండూరుకే తెచ్చుకున్నారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. చుండూరు గురించి మనం చాలా రాశాం, చాలా పాడాం. భూమి గురించి, చదువు గురించి, రాజ్యం గురించి రాశాం. ఒక ముందు సీటు, ఒక వెనక సీటు, మధ్యలో కాలు పెట్టుకునేంత చోటు, ఇవి కూడా ఆ హత్యల చరిత్రలో భాగమని అంత గట్టిగా రాయలేదు. హాలు కట్టినవాడు సీట్ల మధ్య వదిలిన జాగా టిక్కెట్టు కొన్న ఒంటిని లెక్కవేసి వదిలింది. కులం ఉన్న ఒంటికి ఆ కొలత సరిపోలేదు.

అమెరికాలో ఇలాంటి చరిత్రని ఎలా దాచుకున్నారో ఒకసారి చూడాలి. 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు తెల్లవాళ్లకే పరిమితమైన ఫలహారశాల బల్ల ముందు కూర్చున్నారు. లేవమంటే లేవలేదు. ఆ బల్లలో ఒక భాగం, దాని ముందున్న గుండ్రటి సీట్లతో సహా, వాషింగ్టన్‌లోని అమెరికా చరిత్ర జాతీయ మ్యూజియంలో ఉంది. అవి అచ్చంగా దుకాణం సామాను, శైలిపరంగా విలువేమీ లేనివి. కూర్చున్నవాళ్ల వల్ల మ్యూజియంకి ఎక్కాయి. మన దగ్గర అంబేద్కర్ బడికి రోజూ ఇంటి నుంచి మోసుకెళ్లి, సాయంత్రం తిరిగి మోసుకొచ్చిన గోనెపట్టా గురించి ఆయనే రాసుకున్నాడు. బడి ఊడ్చేవాడు కూడా దాన్ని ముట్టుకునేవాడు కాదు. ఆ పిల్లవాడే పెద్దయ్యాక 1930లలో దాదర్‌లో పుస్తకాల కోసం రాజగృహ కట్టించుకున్నాడు. గోనెపట్టా నుంచి రాజగృహ దాకా ఉన్న దూరాన్ని ఏ ఫర్నిచర్ చరిత్రా ఒక కాలంగా గుర్తించలేదు. 2016 జనవరిలో హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టల్ నుంచి వెలివేసిన ఐదుగురు దళిత పరిశోధకులు పరుపులు, అంబేద్కర్ పటం పట్టుకుని బయటికొచ్చి, మన నాయకుల బొమ్మలున్న ఫ్లెక్సీలే గోడలుగా ఒక డేరా వేసుకున్నారు. వెలివాడ అని పేరు పెట్టారు. జనవరి 17న రోహిత్ వేముల చనిపోయాడు. ఆ డేరా ఇప్పుడు లేదు. మన కాలపు కట్టడాల గురించి ఎవరు పుస్తకం రాసినా అందులో దాని ప్లాను, కొలతలతో సహా, ఉండి తీరాలి.

ఈ పని ఎక్కడ మొదలుపెట్టాలని విద్యార్థులు అడుగుతుంటారు. లండన్ పోనక్కర్లేదు. మీ ఊరికి పోయినప్పుడు ఒక టేపు పట్టుకుపోండి. పాత ఇళ్ల అరుగులు కొలవండి, వాటి కింద ఎవరు ఎంత దూరంలో నిలబడేవాళ్లో పెద్దవాళ్లని అడిగి ఆ దూరం కూడా రాయండి. హోటల్లో రెండు గ్లాసులు ఉన్న కాలంలో బెంచీ లోపల ఉండేదా, బయట ఉండేదా అడగండి. పంచాయతీ ఆఫీసులో ఎస్సీ సర్పంచి కుర్చీ ఏ గోడ పక్కన వేశారో చూడండి. టీచర్లయితే మీ బడిలో పాత బెంచీలు ఎప్పుడొచ్చాయి, అంతకుముందు పిల్లలు ఏ వరసలో కూర్చునేవాళ్లు, తమ పట్టాలు ఎవరు తెచ్చుకునేవాళ్లు అన్నది ఊళ్లో రిటైరైన వాళ్లనడిగి రాసిపెట్టండి. మంచాలు అల్లినవాళ్లు, తలుపులు చెక్కినవాళ్లు ఇంకా బతికున్న ఊళ్లలో ముందుగా వాళ్ల పేర్లు రాయండి, ఇంటిపేర్లతో సహా. కొలతలు మాత్రం మూరల్లో వద్దు, అడుగుల్లో రాయండి.